డైరెక్టర్ దాకా వచ్చాను, వీపీ (వైస్ ప్రెసిడెంట్) దగ్గర ఆగిపోయాను. ఏం చేయమంటారు?

నమస్కారం అండీ. హైదరాబాద్‌లో ఓ పెద్ద ఐటీ కంపెనీలో 18 ఏళ్లుగా చేస్తున్నాను. డెలివరీ సైడ్, అంటే క్లయింట్ల ప్రాజెక్టులు పూర్తి చేసి ఇచ్చే పని. నా కింద 240 మంది. వీపీ ప్రమోషన్ రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది.

ఫీడ్‌బ్యాక్ అడిగితే 'ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ లేదు' అన్నారు. అదేంటో ఎవరూ విప్పి చెప్పరు! కానీ మొన్నటి రివ్యూలో కాస్త అర్థమైంది. సీఎఫ్ఓ (కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసే పెద్దాయన) 'దీనివల్ల మార్జిన్ ఎంత పెరుగుతుంది?' అన్నారు, అంటే లాభం సంగతి అడిగారు. నేనేమో స్లైడ్లు తిప్పుతూ టీమ్ పడ్డ కష్టం చెప్పుకొచ్చాను. ఆయన ఫోన్ చూసుకోవడం మొదలెట్టారు.

ఇప్పుడు నష్టాల్లో ఉన్న చిన్న యూనిట్ ఒకదానికి హెడ్ పోస్టు ఖాళీ అయింది. తీసుకుంటే 60 మందే, కానీ లాభనష్టాల బాధ్యత పూర్తిగా నాదే. మా ఆవిడ 'ఉన్నది పోగొట్టుకోకండి' అంటోంది. సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి 2014లో సీఈఓ అయ్యారు, ఓపిక పట్టమని మా మేనేజర్ సలహా. ఆయన ఆ 22 ఏళ్లూ ఒకేచోట కూర్చోలేదు కదా, ఒక్కో విభాగం నడుపుతూ వెళ్లారు.

ఇలా చిన్న యూనిట్ తీసుకుని పైకెళ్లినవాళ్లున్నారా? ప్రమోషన్ల మీటింగులో మన తరఫున మాట్లాడే పెద్దమనిషిని ఎలా సంపాదించుకున్నారు? వచ్చే శుక్రవారంలోగా జవాబు చెప్పాలి.