కొత్త ఊళ్లో ఫిట్‌నెస్ క్లాసులు, అక్కడి తిండి రెండూ కలిపి ప్లాన్ చేసుకోవడం ఎలా?

ఊరూరా_నడక:

అందరికీ నమస్కారం. త్వరలో కొద్ది రోజులు ఒక పెద్ద నగరానికి ఒంటరిగా వెళ్తున్నాను, నాకు బొత్తిగా పరిచయం లేని ఊరు. పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నేను అడిగేది ఏ ఊరికైనా పనికొచ్చే సంగతే. ఇంటి దగ్గర ఉన్నప్పుడు యోగా, డాన్స్ ఫిట్‌నెస్, అప్పుడప్పుడు స్పిన్నింగ్ (కదలని సైకిల్ మీద కూర్చుని తొక్కే క్లాసు), ఏదో ఒక క్లాసు నడుస్తూనే ఉంటుంది. ప్రయాణం అనగానే అదంతా అటకెక్కుతుంది. హోటల్ జిమ్‌లో గోడకేసి చూస్తూ ట్రెడ్‌మిల్ మీద నడవడం నాకు అస్సలు నచ్చదు, ఊరు చూడ్డానికి వచ్చి నాలుగు గోడల మధ్య ఎందుకు అనిపిస్తుంది.

అందుకే ఈసారి ఒక ఆలోచన. ఒక్కో రోజు ఒక్కో పేటలో క్లాసు చేసి, బయటికొచ్చి ఆ చుట్టుపక్కలే అక్కడివాళ్లు రోజూ తినేది తిని, మిగతా పూటంతా అక్కడే తిరగాలని ఉంది. ఎవరైనా ఇలా చేశారా? క్లాసు ముందా తిండి ముందా, మధ్యలో ఎంతసేపు ఉండాలి, పాస్ ముందే కొనుక్కోవాలా నేరుగా వెళ్లి అడగొచ్చా, రోడ్డు పక్కన తిని మర్నాడు పొద్దున్నే క్లాసుకి వెళ్తే ఇబ్బందా? ఇంకోటి, మా ఫ్రెండ్ ఒకామె "క్లాసులో ఎన్ని కేలరీలు కరిగితే అన్నే తిను, లెక్క సరిపోతుంది" అంటోంది. అలా లెక్క పెట్టుకుంటూ తినడం నాకు మనస్కరించడం లేదు. మీరేమంటారు?

మ్యాట్_సంచి:

నేను ఎక్కడికెళ్లినా చేసే పనేనండి ఇది, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందు ఒక్క మాట, స్టూడియోని చూసి పేటని ఎంచుకోకండి, తిండిని చూసి పేటని ఎంచుకుని ఆ పేటలో క్లాసు వెతకండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. రేటింగ్ బాగుందని బుక్ చేసుకుంటారు, తీరా వెళ్తే అది ఆఫీసు టవర్ల మధ్య ఉంటుంది, బయటికొస్తే ఏ దేశంలోనైనా ఒకేలా ఉండే కాఫీ షాపు తప్ప ఇంకేం కనపడదు. అదే కూరగాయల మార్కెట్ దగ్గరో, పాత వీధుల్లోనో, కాలేజీ పిల్లలు అద్దెకుండే చోటో మామూలు క్లాసు దొరికినా చాలు, తలుపు దాటగానే ఆ ఊరి పొద్దుటి తిండి ఎదురుగా ఉంటుంది. మ్యాప్‌లో మార్కెట్‌ని మధ్యలో పెట్టుకుని, పదిహేను నిమిషాల నడక దూరంలో ఏమేం క్లాసులున్నాయో చూడండి.

వేళ విషయానికొస్తే, పొద్దుటి క్లాసుకే నా ఓటు. సాయంత్రం క్లాసు బుక్ చేసుకుంటే రోజంతా ఓ కన్ను గడియారం మీదే ఉంటుంది, మధ్యాహ్నం ఎవరైనా మంచి భోజనానికి పిలిచినా భయపడుతూ తినాలి, చీకటి పడ్డాక తెలియని పేట నుంచి తిరిగి రావడం ఒకటి. పొద్దున్నే అయితే పని అయిపోతుంది, ఆకలి కూడా నిజమైన ఆకలి. పైగా ఊరు నిద్ర లేవడం చూస్తారు, షట్టర్లు ఎత్తడం, పాల వ్యాన్లు, బడికెళ్లే పిల్లలు, ఇవేవీ టూరిస్టు బస్సులోంచి కనపడవు.

క్లాసుకెళ్లడంలో అసలు లాభం మాత్రం మనుషులండి. క్లాసు అయ్యాక ఐదారు నిమిషాలు ఉంటాయి చూడండి, అందరూ మ్యాట్లు తుడిచి చుట్టుకుంటూ, చెప్పుల స్టాండు దగ్గర ఒంటికాలి మీద నిలబడి బూట్లు వేసుకుంటూ, చెమట ఆరకుండానే పక్కవాళ్లతో రెండు మాటలు మాట్లాడుకునే టైమ్. గంటసేపు పక్కపక్కనే ఆయాసపడ్డ మనుషులు కాబట్టి అప్పుడు ఎవరూ ముఖం తిప్పుకోరు. ఆ టైమ్‌లో "ఇక్కడ మంచి రెస్టారెంట్ ఏది" అని మాత్రం అడగొద్దు, అలా అడిగితే మిమ్మల్ని అతిథి అనుకుని పెద్ద హోటల్ పేరే చెప్తారు. "మీరు ఇప్పుడు ఎక్కడ తింటారు?" అని అడగండి. అప్పుడు వచ్చే జవాబు వేరు. వెనక సందులో బోర్డు కూడా లేని చోటు చెప్తారు, పదింటికల్లా అయిపోతుందని తొందరపెడతారు, ఒక్కోసారి వాళ్లే రమ్మంటారు. నాకు గుర్తుండిపోయిన భోజనాలన్నీ దాదాపు ఇలా దొరికినవే.

పాస్‌ల సంగతి: క్లాస్‌పాస్ లాంటి యాప్ మీరు వెళ్లే ఊళ్లో ఉంటే సులువే, క్రెడిట్లు కొనుక్కుని రకరకాల స్టూడియోల్లో వాడుకోవచ్చు, క్లాసుని బట్టి, వేళని బట్టి క్రెడిట్లు మారతాయి. కానీ యాప్‌లో లేని చిన్న చిన్న చోట్లే ఊరివాళ్లు ఎక్కువ వెళ్లేవి. కమ్యూనిటీ హాల్లోనో పార్కులోనో జరిగే క్లాసులకి నేరుగా వెళ్లి నిలబడినా చేర్చుకుంటారు. స్టూడియో అయితే ముందు రోజు మెసేజ్ పెట్టి నాలుగు సంగతులు కనుక్కోండి: ఒక్క క్లాసుకి రానిస్తారా, మ్యాట్ అద్దెకిస్తారా, స్నానానికి వీలుందా, సామాన్లు పెట్టుకోవడానికి లాకర్ ఉందా. స్నానం లేకపోతే ఆ తర్వాత రోజంతా తిరగడం కష్టం, నా మట్టుకు నాకు క్లాసు ఎంత బాగుందన్నదానికన్నా అదే ముఖ్యం.

పోషణ_పాఠం:

నేను డైటీషియన్‌గా పనిచేస్తున్నాను, తిండి వేళల గురించి చెప్తాను. కడుపు నిండా తింటే క్లాసుకి మూడు నాలుగు గంటల ఎడం ఉండాలి. కొంచెం ఏదైనా తింటే గంట, గంటన్నర చాలు. వ్యాయామం చేసేటప్పుడు రక్తం కండరాల వైపు, చర్మం వైపు ఎక్కువగా మళ్లుతుంది, పేగులకి తగ్గుతుంది, అందుకే నిండు కడుపుతో గెంతితే వికారం, పొట్ట పట్టేయడం. నూనె, పీచు ఎక్కువున్నవి కడుపులోంచి నెమ్మదిగా కదులుతాయి, కాబట్టి తెలియని ఊళ్లో తెలియని వంటకం క్లాసుకి ముందు వద్దు. పొద్దున్నే క్లాసయితే ఒక అరటిపండు, నీళ్లు సరిపోతాయి, అలవాటుంటే ఖాళీ కడుపుతో కూడా తేలికపాటి యోగా చేయొచ్చు. క్లాసయ్యాక అరగంటలోపే తినాలన్న టెన్షన్ అక్కర్లేదు. మళ్లీ మర్నాడే కదా క్లాసు, గంటో రెండు గంటలో తీరిగ్గా నచ్చిన చోటు వెతుక్కుని తినండి.

ఇక మీ ఫ్రెండ్ లెక్క. వ్యాయామం తీవ్రతని మెట్ అనే కొలతతో చెప్తారు, ఒక మెట్ అంటే కిలో బరువుకి గంటకి సుమారు ఒక కిలో కేలరీ. 60 కిలోల మనిషి 6 మెట్‌ల క్లాసు గంటసేపు చేస్తే దగ్గర దగ్గర 360 కిలో కేలరీలు. హుషారైన క్లాసుకి వచ్చేదే ఇంత, నెమ్మదైన యోగాకి ఇందులో సగం కూడా రాదు. ఒక్క నిండు భోజనం దీన్ని అవలీలగా దాటిపోతుంది. అంటే మీ ఫ్రెండ్ చెప్పిన లెక్క ప్రకారం పోతే ఆ ఊరి భోజనం ఒక్కటి కూడా మీరు మనస్ఫూర్తిగా తినలేరు, తిన్నాక తప్పు చేసినట్టు మర్నాడు ఇంకో కష్టమైన క్లాసు బుక్ చేసుకుంటారు. క్లినిక్‌కి వచ్చేవాళ్లలో ఈ ధోరణి చాలా చూస్తుంటాను, దయచేసి అలవాటు చేసుకోవద్దు. క్లాసు ఒంట్లో హుషారు కోసం, తిండి ఊరిని తెలుసుకోవడం కోసం. లెక్క కావాలంటే ప్లేట్లు చిన్నవి చెప్పించుకోండి, ఒకటి పూర్తిగా తినే బదులు మూడు రుచి చూడండి. భోజనమయ్యాక పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది, తిరగడానికే వెళ్తున్నారు కాబట్టి ఇది ఎలాగూ జరిగిపోతుంది.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లకి మాత్రం ఖాళీ కడుపుతో క్లాసు ప్రమాదం, చక్కెర పడిపోవచ్చు, బయల్దేరే ముందు డాక్టర్‌తో మాట్లాడాల్సిందే. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను.

నెమ్మది_ప్రయాణం:

మ్యాట్_సంచి గారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను కానీ రోజూ క్లాసు అంటే నేను ఒప్పుకోను. కొత్త ఊళ్లో మామూలుగానే రోజుకి పది పన్నెండు కిలోమీటర్లు నడిచేస్తాం, మెట్లు ఎక్కుతాం, బరువు మోస్తాం. దాని మీద అలవాటులేని క్లాసు చేస్తే ఆ రోజు ఏమీ తెలియదు, నొప్పులు ఎక్కువయ్యేది ఒకటి రెండు రోజుల తర్వాత, సరిగ్గా మీరు ఊళ్లో బాగా చూడాల్సిన రోజుల్లో. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, ఆ నడకతోనే మీకది వచ్చేస్తుంది. రోజు విడిచి రోజు చాలు.

వాతావరణం చూసుకోండి. మీ ఊరికన్నా బాగా వేడిగా ఉండే చోటికి వెళ్తే ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, మొదటి రోజే 40 డిగ్రీల గదిలో హాట్ యోగా అంటే వద్దనే చెప్తాను. 2,500 మీటర్లకి పైన ఉన్న ఊరయితే మొదటి రెండు రోజులు నడకతో సరిపెట్టుకోండి.

ఇంకోటి, ఇంటి దగ్గర చేసే స్పిన్నింగే అక్కడా ఎందుకండీ? ఏ ఊరికైనా తనదైన ఆట గానీ నాట్యం గానీ యుద్ధవిద్య గానీ ఈత గానీ ఉంటుంది, దానికి మొదటిసారి వచ్చేవాళ్ల క్లాసు ఉంటే అదే చేయండి. అక్కడి తిండి మీద ఉన్నంత కుతూహలం అక్కడి ఒంటి కదలికల మీదా ఉండాలి కదా.

ఊరూరా_నడక:

ఎంత ఓపిగ్గా రాశారండీ అందరూ, చాలా థాంక్స్. కేలరీల గురించి చదివాక నిజంగా గుండె తేలికపడింది. రోజు విడిచి రోజే పెట్టుకుంటాను. రెండు సందేహాలు మిగిలాయి. అక్కడి భాష నాకు రాదు, పైగా నాకు వేరుశెనగ పడదు. క్లాసులోనూ తిండి దగ్గరా ఎలా నెట్టుకురావాలి? రోడ్డు పక్క తిండి గురించి కూడా ఎవరూ చెప్పలేదు.

వీధిరుచి_అన్వేషి:

క్లాసులో భాష పెద్ద అడ్డంకి కాదు, రెండో వరసలో ఓ పక్కగా నిలబడితే ముందున్నవాళ్లని చూసి చేసేయొచ్చు. యోగా, డాన్స్ అయితే ఇంకా సులువు. బరువులెత్తే క్లాసులు మాత్రం మాట అర్థం కాకుండా చేయొద్దు, అక్కడ తప్పు భంగిమ సరిచేయడానికి మాటలే కావాలి. మోకాలో నడుమో నొప్పి ఉంటే మొదలవకముందే టీచర్‌కి చూపించి సైగ చేయండి, అర్థం చేసుకుంటారు.

వేరుశెనగ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. "నాకు వేరుశెనగ పడదు, నూనెలో ఉన్నా పొడిలో ఉన్నా ప్రాణానికి ప్రమాదం" అని అక్కడి లిపిలో ఒక కార్డు రాయించుకోండి, ఫోన్ అనువాదం సరిపోదు, ఆ భాష వచ్చినవాళ్లతో ఒకసారి చదివించండి, హోటల్ రిసెప్షన్‌లో అడిగినా రాసిపెడతారు. దాన్ని వండే మనిషికి చూపించాలి, వడ్డించే మనిషికి కాదు. ఆయన తల అడ్డంగా ఊపినా, సందేహంగా చూసినా ఇంకో చోటికి వెళ్లిపోండి. డాక్టర్ రాసిచ్చిన మందు ఏదైనా ఉంటే క్లాసుకెళ్లేటప్పుడు కూడా సంచీలోనే ఉండాలి, లాకర్‌లో కాదు.

రోడ్డు పక్క తిండికి నేను భయపడను, కానీ బండి దగ్గర రెండు నిమిషాలు నిలబడి చూస్తాను. నా ప్లేటు కోసం అప్పుడే వండుతున్నారా, పొద్దుటిది గిన్నెలోంచి తీస్తున్నారా? 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మక్రిములు చకచకా పెరుగుతాయి, గోరువెచ్చగా ఉండిపోయిన తిండితోనే చిక్కు. బాణలిలో నూనె నల్లబడి నురగ కడుతోందా? డబ్బు పుచ్చుకున్న చేత్తోనే వడ్డిస్తున్నారా? ప్లేట్లు ఎక్కడ కడుగుతున్నారు? క్యూలో పనికెళ్లేవాళ్లు, ముసలివాళ్లు, పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులు ఉంటే నాకు ధైర్యం. పొగలు కక్కుతున్నదాన్ని తింటాను. తరిగి పెట్టిన పండ్లు, ఐసు, పైన చల్లిన పచ్చి ఆకులు మొదటి రోజుల్లో వదిలేస్తాను, తొక్క నేనే తీసుకునే పండయితే ఎప్పుడైనా సరే.

మర్నాడు క్లాసు ఉంటే ముందు రాత్రి తెలిసిన రకం తిని, సాహసాలన్నీ క్లాసయ్యాక పెట్టుకోండి. ఒకవేళ కడుపు చెడితే ఆ రోజు క్లాసు మానేయడమే, నీళ్లు పోతున్న ఒంటితో చెమట పట్టించకూడదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. దొరకని చోట లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి కొలవాలి. జ్వరం వచ్చినా, రక్తం కనపడినా డాక్టర్ దగ్గరికే.

పార్కు_పరుగు:

చిన్న జోడింపు. శనివారం ఆ ఊళ్లో ఉంటే పార్క్‌రన్ జరుగుతుందేమో చూడండి. 2004లో లండన్‌లో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది, 5 కిలోమీటర్లు, పూర్తిగా ఉచితం, నడిచినా ఫర్వాలేదు. ఒకసారి పేరు నమోదు చేసుకుంటే ఆ బార్‌కోడ్ ఎక్కడైనా పనిచేస్తుంది. చాలా చోట్ల పరుగయ్యాక అందరూ కలిసి దగ్గర్లోని కెఫేకి వెళ్తారు, కాబట్టి మ్యాట్_సంచి గారు చెప్పిన ప్రశ్న అడగాల్సిన అవసరం కూడా ఉండకపోవచ్చు.

ఊరూరా_నడక:

శనివారం అక్కడే ఉంటాను, పార్క్‌రన్ ఇప్పుడే వెతుకుతున్నా. కార్డు కూడా రాయిస్తాను. మ్యాట్_సంచి గారూ, చివరిగా ఒక్కటి, క్లాసు బుక్ చేశాక ప్లాన్ మారితే?

మ్యాట్_సంచి:

చాలా స్టూడియోల్లో 12 గంటలో 24 గంటలో ముందే రద్దు చేసుకోవాలి, ఆలస్యమైతే డబ్బు పోతుంది. అందుకే మొదటి క్లాసు తప్ప మిగతావి ముందే బుక్ చేయకండి. ఆ మొదటిది కూడా దిగిన రోజు కాదు, మర్నాడు పెట్టుకోండి. తర్వాతవి రోజూ రాత్రి పడుకునే ముందు, ఆ పూట ఎవరు ఏ తిండి గురించి చెప్పారో దాన్ని బట్టి.