పేరున్న యూనివర్సిటీలో ఏ బ్రాంచి వచ్చినా చేరిపోవాలా?

మధురవాడ పేరెంట్: ఈఏపీసెట్ ర్యాంకును బట్టి చూస్తే మా అమ్మాయికి పేరున్న క్యాంపస్‌లో సివిల్ రావచ్చు, అంత పేరులేని కాలేజీలో అయితే సీఎస్ఈ. చుట్టాలంతా పేరే ముఖ్యం అంటున్నారు. ఆ పేరుకి తగ్గ చదువు పిల్లలకి నిజంగా అందుతుందాండీ?

లెక్కల మాస్టారు: ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్ర ప్రభుత్వం కాలేజీలకి ఇచ్చే ర్యాంకింగ్) ర్యాంకులో పరిశోధనకి 30 శాతం, జనంలో ఉన్న పేరుకి ఇంకో 10 శాతం వెయిటేజీ. బీటెక్ పిల్లకి వీటితో పెద్దగా పని లేదు. ర్యాంకు పక్కన పెట్టి, కాలేజీ వెబ్‌సైట్‌లో ఎన్ఐఆర్ఎఫ్‌కి పంపిన డేటా ఫైలు తెరవండి. అందులో ఇంజినీరింగ్ విభాగం ఫైలే చూడాలి, ‘ఓవరాల్’ కాదు. నాలుగేళ్ల యూజీ (బీటెక్) పట్టికలో చేరినవాళ్లు, డిప్లొమా చదివి ఈసెట్‌తో రెండో ఏడాదిలో కలిసినవాళ్లు, టైముకి పాసైనవాళ్లు, ఉద్యోగాలు వచ్చినవాళ్లు, మధ్యస్థ జీతం (జీతాలన్నీ వరసలో పెడితే నడిమిది) అన్నీ ఉంటాయి.

ఉదాహరణకి 400 మంది చేరి, 40 మంది ఈసెట్‌తో కలిశారనుకోండి. టైముకి పాసైంది 340, ఉద్యోగాలు 210. బ్రోచర్‌లో 210ని 340తో భాగించి 62 శాతం అని వేస్తారు. మీరు 440తో భాగించండి, 48 దగ్గర ఆగుతుంది. పై చదువులకి వెళ్లినవాళ్ల కాలమ్ వేరే ఉంటుంది, అదీ చూడాలి. హోర్డింగ్ మీద ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ ఒక్కరిది, దాన్ని వదిలేయండి.

ఒక చిక్కుంది. ఆ పట్టికలో బ్రాంచిలన్నీ కలిపేస్తారు. సీఎస్ఈ ఉద్యోగాల చాటున సివిల్ సంగతి కనపడదు.

ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) దగ్గర ఉండేవారు: అందుకే బ్రాంచి వారీగా ఎన్‌బీఏ గుర్తింపు (ఒక్కో కోర్సు నాణ్యతకి ఇచ్చేది) ఉందా, ఏ ఏడాది దాకా ఉందో చూడండి. న్యాక్ నాణ్యత గ్రేడు మొత్తం సంస్థకి ఇచ్చేది, దాంతో సివిల్ సంగతి తేలదు. ఏయూ 1926 నాటిది, రాధాకృష్ణన్ గారు వీసీగా చేసిన చోటు. కానీ ఎంత పాత పేరైనా ఇవాళ ల్యాబ్‌లో మిషన్ ఆడుతోందో లేదో చెప్పదు కదా! ఏ కాలేజీకైనా పని రోజున వెళ్లి, ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది, బలం పరీక్షలో కాంక్రీటు క్యూబులు పిల్లలే నలగ్గొడుతున్నారా, చూసి రాసుకుంటున్నారా అని చూడండి.

గాజువాక వాసి: పేరుని మరీ తీసిపారేయకండి. అమెరికాలో డేల్, క్రూగర్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే స్థాయి కాలేజీల్లో సీటు తెచ్చుకున్నవాళ్లలో చిన్న కాలేజీకి వెళ్లినవాళ్లూ పెద్ద కాలేజీకి వెళ్లినవాళ్లతో దాదాపు సమానంగా సంపాదించారు. పేదింటి పిల్లలకి మాత్రం పెద్ద కాలేజీ కలిసొచ్చింది. సిఫార్సు చేసే చుట్టం లేని ఇంటికి సీనియర్ల పరిచయాలే ఆస్తి. అదే గేట్ పరీక్ష స్కోరుతో తీసుకునే ప్రభుత్వ సంస్థల్లో అయితే కాలేజీ పేరు ఎవరూ అడగరు.

మధురవాడ పేరెంట్: కాలేజీని బ్రాంచి వారీ ఉద్యోగాల లిస్టు అడిగితే ఇవ్వకపోతే?

లెక్కల మాస్టారు: లింక్డిన్‌లో కాలేజీ పేజీ తెరిచి, పూర్వ విద్యార్థుల్లో రెండేళ్ల కిందట పాసైన సివిల్ వాళ్లని వెతకండి. ఓ ఇరవై మంది ఎక్కడ పనిచేస్తున్నారో చూశాకే కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల వరస పెట్టండి.