వాలిడిటీ రకాలు నోటికి వచ్చు, నా డిసర్టేషన్‌లో ఎక్కడ పెట్టాలి?

సైకో_స్టూడెంట్: ఎం.ఎస్సీ. సైకాలజీ రెండో సంవత్సరం. ఇంటర్ పిల్లల పరీక్షల టెన్షన్ మీద ప్రశ్నావళి నేనే తయారుచేశాను. క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) 0.86 వచ్చింది. గైడ్ మేడమ్ చూసి, "ఇది రిలయబిలిటీ, అంటే కొలతలో నిలకడ. వాలిడిటీ, అంటే కొలవాలనుకున్నదాన్నే కొలుస్తోందా అన్న సంగతేంటి?" అన్నారు. ఫేస్, కంటెంట్, కన్‌స్ట్రక్ట్, ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్... యూజీసీ నెట్ పరీక్ష కోసం అన్నీ బట్టీ పట్టినవే. మీరంతా మీ పనిలో ఎలా చూపించారు?

పాత_బీఎడ్: మా పుస్తకాల్లో సప్రమాణత అని చదివాం. ముందు రెండు గుంపులు చేసుకోమ్మా. ఫేస్, కంటెంట్, క్రైటీరియన్ (బయటి కొలమానంతో సరిపోతోందా), కన్‌స్ట్రక్ట్ కొలిచే సాధనానివి. ఇంటర్నల్ (ఫలితానికి మనం చెప్పే కారణమే నిజమైన కారణమా), ఎక్స్‌టర్నల్ (ఫలితం మిగతావాళ్లకీ వర్తిస్తుందా) మొత్తం అధ్యయనానివి. నీకు ఇప్పుడు మొదటి గుంపుతోనే పని. నిద్ర, ఆకలి, ఏకాగ్రత, ఇంట్లో వాళ్లేమంటారోనన్న భయం, అన్నిటికీ ప్రశ్నలున్నాయా? విషయం తెలిసిన నలుగురైదుగురికి ఇచ్చి, ఒక్కో ప్రశ్న అవసరమా కాదా అని రాయించు. అదే కంటెంట్. ఫేస్ వాలిడిటీకి, అంటే పైపైన చూస్తే సరైనదిగా కనిపిస్తోందా అన్నదానికి, రెండు వాక్యాలు చాలు.

డాలస్_తెలుగు: కన్‌స్ట్రక్ట్, అంటే తెలివితేటల్లాంటి కంటికి కనిపించని గుణాన్నే పరీక్ష కొలుస్తోందా అన్నది, అర్థం కావాలంటే అమెరికా సైన్యం కథ చదవండి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైకాలజిస్టు రాబర్ట్ యెర్కీస్ బృందం దాదాపు 17.5 లక్షల మందికి తెలివితేటల పరీక్ష పెట్టింది. చదువొచ్చినవాళ్లకు ఆల్ఫా, రానివాళ్లకు బొమ్మల బీటా. ఆల్ఫాలో ఒక ప్రశ్న: క్రిస్కో అంటే మందా, క్రిమిసంహారకమా, టూత్‌పేస్టా, ఆహార పదార్థమా? అది అక్కడ వంటకు వాడే వనస్పతి లాంటి కొవ్వు బ్రాండు. నిన్నగాక మొన్న ఓడ దిగినవాడికి ఎలా తెలుస్తుంది? బీటాలో టెన్నిస్ కోర్టు బొమ్మ చూపించి ఏం లేదో గీయమన్నారు. మధ్యలో వల లేదన్నమాట. జన్మలో టెన్నిస్ చూడని రైతుకి!

వలస వచ్చినవాళ్లు ఎన్నేళ్లుగా అమెరికాలో ఉంటే సగటు స్కోరు అంత ఎక్కువ. కొలుస్తున్నది అక్కడి జీవితంతో పరిచయాన్ని అని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ ఫలితాలను విశ్లేషించిన సైకాలజిస్టు కార్ల్ బ్రిగమ్ 1923లో రాసిన పుస్తకంలో, కొత్తగా వచ్చేవాళ్లే తక్కువ రకం అన్నాడు. 1930లో తన నిర్ధారణలు తప్పని ఆయనే ఒప్పుకున్నాడు. ఈలోగా 1924లో వలసల మీద కఠినమైన చట్టం వచ్చేసింది. ఇలాంటి పరీక్షకు కూడా క్రోన్‌బాక్ ఆల్ఫా బాగానే రావచ్చు, గమనించండి.

కోచింగ్_సర్: క్రైటీరియన్‌లో ఒక రకమైన ప్రెడిక్టివ్ (రాబోయే ఫలితాన్ని పరీక్ష ఎంతవరకు ముందే చెబుతుందన్నది) గురించి ఒక మాట. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకుకీ బీటెక్ మార్కులకీ సంబంధం లేదని మా స్టాఫ్ రూమ్‌లో తరచూ వాదన. ఒకే కాలేజీలో చూస్తే అలాగే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ చేరినవాళ్లందరివీ దగ్గరదగ్గర ర్యాంకులే. సీటు రానివాళ్ల మార్కులు మన దగ్గర లేవు కదా. అది పరీక్ష లోపమో, లెక్కలోకి తీసుకున్న గుంపు లోపమో ముందు తేల్చాలి.

పాత_బీఎడ్: రెండో గుంపుకి మార్ష్‌మాలో ప్రయోగం చూడమ్మా. ఎదురుగా ఉన్న మిఠాయి వెంటనే తినకుండా, ఇంకోటి ఇచ్చేదాకా ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణించారన్నారు. అక్కడి పిల్లలు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలోని నర్సరీ వాళ్లు, అది ఎక్స్‌టర్నల్ ప్రశ్న. 2018లో 900 మందికి పైగా పిల్లల సమాచారంతో మళ్లీ చూస్తే ఆ సంబంధం సగానికి పడిపోయింది. ఇంటి పరిస్థితులూ లెక్కలో కలిపితే ఇంకా తగ్గింది. ఫలితానికి కారణం ఓపికా, ఇల్లా? అది ఇంటర్నల్.

వైజాగ్_కౌన్సెలర్: స్టూడెంట్ గారూ, ఫారాలు ఎవరు పంచారు? నేను పనిచేసిన ఒక కాలేజీలో లెక్చరరే పంచి, రోల్ నంబరు రాయించి, తనే వసూలు చేశారు. దాదాపు అందరూ "నాకు టెన్షన్ లేదు" అని టిక్ పెట్టారు. పేర్లు లేకుండా డబ్బాలో వేయమన్నాక జవాబులే మారిపోయాయి.

ఇంకోటి, మీ స్కేల్‌తో పాటు ఒక సాధారణ ఆందోళన స్కేల్ కూడా ఇవ్వండి. రెండిటికీ కొంత సంబంధం ఉండాలి. ఆ సంబంధం (కోరిలేషన్, గరిష్ఠం 1) మరీ 0.9 వచ్చిందంటే మీరు కొలిచింది పరీక్షల టెన్షన్ కాదు, మామూలు ఆందోళననే. సైకాలజిస్టులు క్యాంప్‌బెల్, ఫిస్క్ 1959లో చెప్పిన కన్వర్జెంట్ (దగ్గరి వాటితో సంబంధం ఉండటం), డిస్క్రిమినెంట్ (వేరే వాటి నుంచి విడిగా ఉండటం) ఇవే.

సైకో_స్టూడెంట్: చాలా థాంక్స్ అండీ. మా దగ్గర కూడా రోల్ నంబరు రాయించారు. ఆ డేటా పనికిరాదా?

వైజాగ్_కౌన్సెలర్: పారేయకండి. ఇంకో సెక్షన్‌కి పేర్లు లేకుండా ఇచ్చి రెండూ పక్కపక్కన పెట్టండి. తేడా వస్తే అదే మీ డిసర్టేషన్‌లో ఒక అధ్యాయం. సెక్షన్లు మార్కుల ప్రకారం విడగొట్టినవి కాకుండా మాత్రం చూసుకోండి.