అప్‌డేట్: లిఫ్ట్ దగ్గర కులం పేరుతో తిట్టిన కేసు

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే హిందూపురం అక్కను లిఫ్ట్ దగ్గర కులం పేరుతో తిడితే కేసు నిలబడుతుందా అని ఇంతకుముందు అడిగాను. ఎఫ్‌ఐఆర్ అయింది.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, సెక్షన్ 3(1)(ఆర్), (ఎస్) కింద తిట్టు నలుగురి కంట పడే చోట జరగాలి. లాబీ కాబట్టి సరిపోయింది. బయటివాళ్లెవరూ లేని ఇంట్లో, నాలుగు గోడల మధ్య అయితే వర్తించదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

ఫిర్యాదులో 'కులం పేరుతో దూషించారు' అంటే చాలదు. అన్న మాట అన్నట్టే, తెలుగులోనే రాయాలి. విన్నవాళ్లెవరో, ఏ వేళో చెప్పాలి. తిట్టినవాళ్లు ఎస్సీ, ఎస్టీ కారన్న ముక్క తప్పకుండా ఉండాలి. సీసీటీవీలో పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది, అందుకే ఫుటేజీ దాచమని అసోసియేషన్‌కు ఆలస్యం చేయకుండా కాగితం ఇవ్వాలి.

పోలీసులు 'ముందు విచారించి చూస్తాం' అంటే ఇదే చట్టంలోని సెక్షన్ 18ఏ చూపించండి, ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు మాత్రం డీఎస్పీ హోదాకు తగ్గని అధికారే చేయాలి, నగరంలో ఏసీపీ. ఎస్‌ఐ చేస్తే ఎదుటి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే.

ఆంధ్రా కుల సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదని అక్కను భయపెట్టారు. రిజర్వేషన్ సంగతి వేరు. రాష్ట్రం మారినంత మాత్రాన ఈ చట్టం ఇచ్చే రక్షణ పోదని బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ 2023లో చెప్పింది.

'పని మానేయ్, గొడవెందుకు' అన్నవాళ్లతో 'తప్పు నేను చేశానా?' అంది అక్క. పనికి వస్తూనే ఉంది. ఛార్జిషీటుకు గడువు 60 రోజులు.