వృద్ధ, వృద్ధి: ఇటలీ వ్యాసంలో ఒక్క గుడి చేసిన పని

ఇటలీ జనాభా మీద ఒక చిన్న పత్రికకు వ్యాసం రాసిచ్చాను. అక్కడి లెక్కల్లో "ఇందిచే ది వెక్కియాయా" అని ఒక కొలత ఉంది. 15 ఏళ్లలోపు పిల్లలు వందమంది ఉంటే 65 నిండినవాళ్లు ఎంతమంది ఉన్నారో చెబుతుంది. దానికి నేను "వృద్ధ సూచి" అని రాశాను. ప్రూఫు చూసినవారు అచ్చుతప్పు అనుకుని గుడి పెట్టేశారు. "ఇటలీ వృద్ధి సూచి దాదాపు 200" అని అచ్చయింది! 2008లో 5.76 లక్షల మంది పిల్లలు పుట్టిన దేశంలో 2023లో పుట్టింది 3.8 లక్షలే. చదివినవాళ్లకు మాత్రం ఇటలీ దూసుకుపోతున్నట్టు అర్థమవుతుంది. రెండు రోజులు మనసు బాగోలేదు.

అయినా తప్పంతా ప్రూఫు చూసినవారి మీదకు నెట్టలేను. రెండు మాటలదీ ఒకటే ధాతువు, వృధ్, అంటే పెరగడం. సంపద పెరిగితే వృద్ధి, వయసు పెరిగితే వృద్ధుడు. అదే ధాతువు నుంచి వచ్చిన వర్ధంతి మనకు పోయినవాళ్లను తలుచుకునే రోజు. మైసూరులో మహారాజుగారి పుట్టినరోజును వర్ధంతి అంటారు.

అందుకే అడుగుతున్నాను: "ముదిమి సూచి" అంటే ఎలా ఉంటుంది? తెలుగు మాట, పొరపాటుకు తావుండదు.

వ్యాఖ్య: ముదిమి పద్యాల్లో బాగుంటుందండీ, మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ముదరడం అనగానే బెండకాయో జబ్బో గుర్తొస్తుంది. మనిషిని ముదురు అంటే తిట్టినట్టే. దేశంలో నాలుగోవంతు మందికి ఆ వాసన అంటించడం నాకు నచ్చదు. "ఇటలీకి వయసు మీద పడుతోంది" అనండి, ఎవరికైనా తెలుస్తుంది.

వ్యాఖ్య: నేను నాలుగేళ్లుగా జెనోవాలో ఉంటున్నాను. ఇది లిగూరియా ప్రాంతం, మీరు చెప్పిన సూచి ఇక్కడ 270 దాటింది. బిడ్డ పుడితే వీధి తలుపుకి గులాబీ రంగుదో నీలం రంగుదో రిబ్బను కడతారు. ఎవరైనా పోతే పేరు, వయసు వేసి గోడకి కాగితం అంటిస్తారు. మా వీధిలో ఈ ఏడాది నేను చూసిన రిబ్బను ఒక్కటే. గోడ మీద కాగితాలు మాత్రం ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి.

ఇక్కడ ఇంకో మాట రోజూ వినిపిస్తుంది, "బదాంతే". పెద్దవాళ్ల ఇళ్లలో ఉండి చూసుకునే మనిషి. ఉక్రెయిన్, రొమేనియా నుంచి వచ్చినవాళ్లు, మా ఊళ్లో అయితే ఈక్వడార్ ఆడవాళ్లు ఎక్కువ. "కేర్‌టేకర్" అంటే వాచ్‌మన్ అనుకుంటారు. "ఆయా" అంటే చిన్నపిల్లలు గుర్తొస్తారు. మనకు "కనిపెట్టుకుని ఉండటం" అనే మంచి మాట ఉంది కదా, బదాంతే చేసే పని అచ్చంగా అదే.

నా జవాబు: "కనిపెట్టుకుని ఉండే మనిషి" తీసుకుంటున్నాను, చాలా థాంక్సండీ. శీర్షికకు "వయసు మీద పడుతోంది" కూడా ఖాయం. పట్టికలో మాత్రం అంత పొడుగు వాక్యం ఇమడదు, అక్కడ ముదిమి సూచే ఉంచుతాను. అది లేకపోతే తేడాలు చూపించలేను. నేపుల్స్ ఉన్న కంపానియా ఆ దేశంలో కుర్ర ప్రాంతం కింద లెక్క. అక్కడ కూడా సూచి 150 దగ్గరికి వచ్చేసింది, 2011లో వంద దగ్గర ఉండేది. పిల్లలు తక్కువ పుట్టడం ఒక్కటే కారణం కాదు, చదువుకున్న కుర్రాళ్లు మిలాన్, బొలోన్యా వైపు వెళ్లిపోతున్నారు.

ఇంకొక్కటి తేలలేదు. మొలీజె ప్రాంతంలో 1951లో 4 లక్షలకు పైగా జనం, ఇప్పుడు 2.9 లక్షల దగ్గర. దీన్ని వాళ్లు "స్పొపొలమెంతో" అంటారు. "పాడుపడ్డ ఊళ్లు" అని రాసి కొట్టేశాను. ఇళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి, చర్చి గంట మోగుతోంది, తలుపులకు తాళాలున్నాయంతే. చివరికి "ఊళ్లు పలచబడటం" అని రాశాను. మీ వైపు ఇంతకంటే సరిపోయే మాట ఉంటే ఆదివారంలోపు చెప్పండి, సవరణ అప్పుడే పంపాలి.