పత్రాలు లేని వలసదారులకు వైద్యం: న్యాయమా, దయా?

ప్రశ్న:
జబ్బుపడిన మనిషికి జీవితంలో దక్కవలసిన అవకాశాలు కుంచించుకుపోతాయి కాబట్టి, సమాజం అందరికీ వైద్యం అందించాలని తత్వవేత్త నార్మన్ డేనియల్స్ వాదించారు. ఆయన ఆధారపడినది అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ చెప్పిన అవకాశ సమానత్వం మీద. కానీ రాల్స్ తన సిద్ధాంతాన్ని ఒక దేశపు హద్దులలోని సమాజాన్ని దృష్టిలో ఉంచుకుని నిర్మించారు. అలాంటప్పుడు అనుమతి లేకుండా ఆ దేశంలో నివసించేవారికి వైద్యం పొందే హక్కు ఉన్నట్టా, లేక అది పాలకుల దయ మాత్రమేనా? దయ అయితే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. స్పెయిన్‌లో 2012లో ఇలాంటివారికి అందే వైద్య సేవలను చాలావరకు తొలగించి, 2018లో తిరిగి పునరుద్ధరించారు.

మొదటి సమాధానం:
హక్కేనని నా అభిప్రాయం. ఎవరిని రానివ్వాలో నిర్ణయించే అధికారం సమాజానికి ఉందని అంగీకరించిన రాజనీతి తత్వవేత్త మైకేల్ వాల్జర్ కూడా, అతిథి కార్మికుల (పని కోసం తాత్కాలికంగా రప్పించిన విదేశీయుల) చేత పని చేయించుకుంటూ వారిని శాశ్వతంగా రెండవ తరగతి మనుషులుగా ఉంచడం అన్యాయమని అన్నారు. ఒకచోట ఏళ్ల తరబడి బతికినవారికి, వచ్చిన తీరు ఎలాంటిదైనా, ఆ నివాసమే సభ్యత్వాన్ని ఇస్తుందని మరో రాజనీతి తత్వవేత్త జోసెఫ్ కారెన్స్ ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకువెళ్లారు. నిన్నగాక మొన్న వచ్చినవారికి ఈ వాదం సరిపోదన్నది నిజమే. వారి విషయంలో మనిషి అయినందుకే ప్రతి ఒక్కరికీ ఉండే హక్కును ఆధారం చేసుకోవాలి. 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 12వ అధికరణం ఆరోగ్య హక్కును 'ప్రతి ఒక్కరికీ' గుర్తించింది, పౌరులకు మాత్రమే కాదు.

రెండవ సమాధానం:
నాకు అభ్యంతరం ఉంది. ప్రజా వైద్య వ్యవస్థ పరస్పర బాధ్యతతో నడుస్తుంది, కాబట్టి దాని ఖర్చును పంచుకునేవారి సమ్మతిని తేలికగా తీసుకోకూడదు. ప్రాణాపాయంలో చికిత్స తప్పనిసరి. అంతకు మించినది ప్రజాస్వామ్యం నిర్ణయించవలసిన విషయం.

మూడవ సమాధానం:
సమ్మతి గురించిన ఆందోళనను గౌరవిస్తాను. అయితే పత్రాలు లేనివారిలో చాలామంది కొనుగోళ్ల మీద, కొందరు జీతం మీద కూడా పన్ను కడుతూనే ఉన్నారు. పైగా 'ప్రాణాపాయం' అన్న గీత వైద్యంలో నిలవదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలలో మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన ఇలాంటి రోగులకు క్రమం తప్పని డయాలసిస్ అందదు, పరిస్థితి విషమించాకే అత్యవసర విభాగంలో చేస్తారు. దానివల్ల మరణాలూ పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. అవసరమైన చికిత్సను ప్రాణం మీదికి వచ్చేదాకా ఆపి ఉంచే ఏర్పాటును మధ్యేమార్గం అనలేము.

హక్కు ఉందా లేదా అన్న చర్చలో మరుగున పడే సంగతి ఇంకొకటి ఉంది. జర్మనీలో అత్యవసరం కాని చికిత్స కోసం సాంఘిక సంక్షేమ కార్యాలయాన్ని ఆశ్రయిస్తే, ఆ కార్యాలయం ఆ సమాచారాన్ని వలస వ్యవహారాలు చూసే విదేశీయుల శాఖకు తెలపాలని నివాస చట్టంలోని 87వ సెక్షను చెబుతోంది. దేశం నుంచి పంపించివేస్తారన్న భయంతో రోగి గడప దాటకపోతే, చట్టం ఇచ్చిన చికిత్స అతనికి అందనట్టే. అందుకే వైద్యశాఖకూ వలస అధికారులకూ మధ్య సమాచారం దాటని అడ్డుగోడ ఉండాలని కారెన్స్ కోరారు. సమ్మతి కోరేవారు కూడా ముందుగా ఒప్పుకోవలసినది ఆ గోడనే అని నేను భావిస్తున్నాను, ఎందుకంటే దానికి అదనపు నిధులేమీ దాదాపు అవసరం లేదు.