ఐబీడీకి సూది లేని కరెంటు ఆక్యుపంక్చర్: తిరుపతిలో ట్రయల్ పెడితే నిలబడుతుందా?

ఏడోమైలు:
ఐబీడీ అంటే పేగుల్లో ఏళ్ల తరబడి ఉండే వాపు జబ్బు. అందులో పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లకు మోకాలి కింద ఎస్‌టీ36, మణికట్టు పైన పీసీ6 అనే ఆక్యుపంక్చర్ పాయింట్ల దగ్గర ప్యాడ్లు అంటించి సన్న కరెంటు పెట్టి చూడాలని నా ప్రతిపాదన. 25 హెర్ట్జ్, పల్స్ అర మిల్లీసెకను, 2 సెకన్లు ఆన్, 3 సెకన్లు ఆఫ్. రెండు పూటలా అరగంట, 4 వారాలు. వాళ్లు వాడే మెసలమైన్ (పేగు వాపు మందు) డోసు కదల్చం. 2021లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన చుంచెలుకల పరిశోధన చూడండి. వెనక కాలి ఎస్‌టీ36లో తక్కువ కరెంటు పెడితే వేగస్ నాడి (మెదడు నుంచి పొట్టకు దిగేది), అడ్రినల్ గ్రంథి మీదుగా వాపు తగ్గింది. అదే కరెంటు పొట్ట మీది పాయింటుకు పెడితే తగ్గలేదు.

స్కోప్‌గది:
సామీ, అక్కడ సూది లోపలికి దిగింది. ఆ వాపు కూడా పేగుది కాదు, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) ఎక్కించి తెప్పించింది. చర్మం మీది ప్యాడ్‌కు ఆ లెక్క ఎట్లా సరిపోతుంది? ఇంకోటి, ఐబీడీలోనే రెండో రకమైన క్రోన్స్ వాళ్లను కలపొద్దు. మన దగ్గర పేగు టీబీ అచ్చం అట్లాగే కనిపిస్తుంది.

ఏడోమైలు:
ఒప్పుకుంటా. కొలైటిస్ మాత్రమే.

టెన్స్‌డబ్బా:
అసలు చిక్కు పోల్చే గ్రూపుతో అన్నా. మిషన్ ఆఫ్ చేసి ప్యాడ్లు అంటిస్తే జలదరింపు ఉండదు, రోగి మొదటి రోజే పసిగడతాడు. ఆ ట్రయల్ చెత్తబుట్టకే. వాళ్లకూ అదే మిషన్, అదే కరెంటు, పాయింటు కాని చోట పెట్టాలి. ఎస్‌టీ36కు రెండు వేళ్ల పక్కన పెడితే లాభం లేదు, అదే నాడి అదురుతుంది.

పాయింటు పట్టడం: మోకాలి చిప్ప కింద బయటివైపు గుంట నుంచి నాలుగు వేళ్లు కిందికి, ముంగాలి ఎముక అంచు నుంచి బొటనవేలంత బయటికి. పాదం పైకెత్తమంటే అక్కడి కండ ఉబ్బుతుంది. కరెంటు మెల్లగా పెంచి, నొప్పి లేకుండా జలదరింపు బాగా తెలిసే చోట ఆపాలి.

మే నెల తిరుపతి ఎండలో చెమటకు ప్యాడ్ అంచు లేస్తుంది. కరెంటు తగ్గదు, అంటుకున్న కాస్త చోటునుంచే పోతుంది. అక్కడ చురుక్కుమని ఎర్రగా కములుతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక అంటించాలి. వెంట్రుకలు కత్తెరతో కురచ చేయాలి, బ్లేడు వద్దు. ఒక్కొక్కరికి 56 పూటలు కదా, ఒక్క సెట్టు ప్యాడ్లతో గడవదు.

ఏడోమైలు:
తప్పు చోట పెట్టిన కరెంటు కూడా పనిచేస్తే?

టెన్స్‌డబ్బా:
కరెంటుకు గుణం ఉందేమో గానీ, పాయింటుకు లేదని రాసుకోవాలి. దానికి సిద్ధపడే దిగండి.

స్కోప్‌గది:
"బాగుంది డాక్టర్" అన్న మాట కొలత కాదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) చూడండి, గ్రాముకు 250 మైక్రోగ్రాములు దాటినవాళ్లనే తీసుకోండి. ప్రతిసారీ పొద్దున మొదటి విరేచనమే, ఐస్ డబ్బాలో ల్యాబ్‌కు. మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్ మింగితే అంకె తనంతట పెరుగుతుంది, అడగనిదే ఎవరూ చెప్పరు. స్కోప్ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం) చూసే డాక్టరుకు ఎవరు ఏ గ్రూపో తెలియకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు వద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్‌ఐ (దేశంలోని ట్రయళ్ల రిజిస్ట్రీ) నమోదు మొదటి రోగి కంటే ముందే. పేగు పొర మానిందని 4 వారాలకే చెప్పాలనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఏడోమైలు:
పొర మానిందో లేదో చూడ్డానికి 12 వారాలు నడపాలంటే సగం మంది ఇంట్లో మిషన్ పక్కన పడేస్తారు.

టెన్స్‌డబ్బా:
ఎన్ని నిమిషాలు నడిచిందో లోపల గుర్తుంచుకునే మిషనే కొనండి. నోటుబుక్కులో టిక్కులు అన్నీ చివరి రోజు పడతాయి, ఒకే పెన్నుతో.